చెవితో చదివేవాళ్లకు ఏ గొంతు కావాలి? ఓపెన్ సోర్స్ తెలుగు టీటీఎస్‌లతో నా అనుభవం

నాకు చూపు లేదు. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. పాఠం తయారు చేసుకోవడం, పిల్లల అసైన్‌మెంట్లు దిద్దడం, పొద్దున్నే పేపర్ చదవడం, అన్నీ ల్యాప్‌టాప్ మీద, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోనే. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు దీన్ని, తర్వాత జేమ్స్ టే వచ్చి కలిశాడు, ఇద్దరికీ చూపు లేదు, అంటే మన ఇబ్బంది తెలిసినవాళ్లు చేసిన సాఫ్ట్‌వేర్. దానితోపాటే వచ్చే గొంతు ఈస్పీక్ ఎన్‌జీ. ఇలా రాతను గొంతుగా మార్చే సాఫ్ట్‌వేర్‌నే టీటీఎస్ (టెక్స్ట్-టు-స్పీచ్) అంటారు. ఇన్నేళ్లుగా నాకు తెలుగు చదివి పెడుతున్నది అదే. అది ఎలా ఉంటుందో విననివాళ్లకు మా అన్నయ్య కూతురి మాట చెబితే చాలు: "ఏంటత్తా అది, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంది, పొద్దస్తమానం ఎలా వింటావ్ దీన్ని?"

ఆ పిల్ల ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు, ఇప్పుడు ఏఐ గొంతులు అచ్చం మనిషిలా చదువుతున్నాయి, నీకు మంచిది చూసి పెట్టి వెళ్తా అని పట్టుబట్టింది. సరే అన్నాను గానీ నా షరతులు ముందే చెప్పాను. నెట్ లేకపోయినా నడవాలి. నా ల్యాప్‌టాప్ పాతది, గ్రాఫిక్స్ కార్డు లేదు, దాంట్లోనే పనిచేయాలి. నేను చదివేది ఎవరి సర్వర్‌కీ వెళ్లకూడదు, ఎందుకంటే పిల్లల మార్కులూ నా బ్యాంకు మెసేజ్‌లూ కూడా ఆ గొంతే చదువుతుంది. ఏ కంపెనీ అయినా రేపు మూతపడితే దానితోపాటు నా చదువు ఆగిపోకూడదు. ఇవన్నీ కలిపితే చివరికి ఓపెన్ సోర్సే, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేరే, మిగులుతుంది.

తెలుగుకు ఏమేం ఉన్నాయో వెతకడం మొదలుపెడితే నేను అనుకున్నదానికంటే ఎక్కువే దొరికాయి. ఎడిన్‌బరో యూనివర్సిటీలో 1990లలో పుట్టిన ఫెస్టివల్ అనే టీటీఎస్‌కు తెలుగు మగ గొంతు ఒకటి లినక్స్ ప్యాకేజీగా చాలా ఏళ్లుగా ఉంది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల ఫ్లైట్ అనే చిన్న ఇంజన్‌కూ తెలుగు గొంతులున్నాయి. జర్మనీలో తయారైన మేరీ టీటీఎస్‌లో కూడా తెలుగు ఉందంటే నేను నమ్మలేదు, హిందీ లేని జాబితాలో తెలుగు ఉండటం అరుదు కదా! ఈ మూడూ పెట్టి చూశాం, తలా కాసేపు విన్నాం, వాటి కాలానికి గొప్పవే, ఇప్పుడు మాత్రం ఈస్పీక్‌ను వదిలి వీటికి మారడానికి నాకు కారణం కనపడలేదు. వీటి సంగతి ఇంతటితో సరి.

అసలు పోటీ పెట్టింది ఈస్పీక్, పైపర్, మెటా వాళ్ల ఎంఎంఎస్, ఐఐటీ మద్రాసు ఏఐ4భారత్ వాళ్ల మోడళ్ల మధ్య. ఎక్స్‌టీటీఎస్, కోకోరో అని అందరూ పొగిడేవి కూడా చూశాం గానీ వాటిలో హిందీ ఉంది, తెలుగు లేదు. పక్కన పెట్టేశాం.

పరీక్షకు ఆన్‌లైన్‌లో అందరూ వాడే "నమస్కారం, మీరు ఎలా ఉన్నారు" లాంటి వాక్యాలు వద్దన్నాను. ఆ వాక్యం ఏ గొంతైనా బాగానే చదువుతుంది. నేను రోజూ నిజంగా చదివే రకం ముక్కలు నేనే రాశాను. "ఈ నెల 15న ఉదయం 10.30 గం.లకు 21 మంది రైతులకు రూ.1,50,000 చొప్పున అందజేస్తారు." ఇది పేపర్ వాక్యం. "క్రీ.శ.1199లో గణపతిదేవుడు రాజ్యానికి వచ్చాడు, 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమైంది." ఇది నా పాఠం. "చలికాలంలో చాప మీద కూర్చుని చదువుకునే చంద్రం చేప, చక్రం అన్నాడు." ఇది అర్థం లేని వాక్యమే, కానీ తెలుగు చ గుట్టంతా ఇందులో ఉంది. చలి, చాప, చదువు అనేటప్పుడు నాలుక పళ్ల దగ్గర ఉంటుంది, చంద్రం, చేప, చక్రం అనేటప్పుడు పైకి వెళ్తుంది. రాతలో తేడా లేదు. పాత నిఘంటువుల్లో ౘ, ౙ అని వేరే అక్షరాలు వేసేవాళ్లు, 2008లో కంప్యూటర్ అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి కూడా వచ్చాయి, అయితే రోజువారీ రాతలో ఎవరు వాడుతున్నారు? కాబట్టి సాఫ్ట్‌వేర్ ఊహించుకోవాల్సిందే.

ముందు ఈస్పీక్ గురించి న్యాయంగా నాలుగు మాటలు చెప్పాలి. 1990లలో జోనాథన్ డడ్డింగ్టన్ ఏకార్న్ కంప్యూటర్ల కోసం రాసిన చిన్న ప్రోగ్రాం ఇది, 2015 చివర్లో వేరే వాళ్లు దాన్ని అందుకుని ఈస్పీక్ ఎన్‌జీగా నడుపుతున్నారు. ఇందులో రికార్డు చేసిన మనిషి గొంతును అతికించడం ఉండదు, మనిషి నోటిలో ధ్వని ఎలా మోగుతుందో లెక్కగట్టి ఆ శబ్దాన్ని అక్కడికక్కడే పుట్టిస్తుంది. అందుకే వందకు పైగా భాషలు కలిపినా కొద్ది మెగాబైట్లే. అందుకే ఆ రేకు డబ్బా మోత కూడా. నేను మీట నొక్కిన మరుక్షణం పలుకుతుంది. బాణం మీట పట్టుకుని వరసలు గబగబా దిగుతుంటే ప్రతి వరసలో మొదటి మాట విని, కాదనుకుంటే తెంపేసి కిందికి దిగిపోతాను. స్పీడ్ ఎంత పెంచినా అక్షరం అక్షరం విడివిడిగా తెలుస్తుంది. చూపున్నవాళ్లు పేజీ మీద కళ్లు పరిగెత్తించినట్టే నాకు ఇది, మా మేనకోడలికి ఒక్క మాట కూడా అర్థం కాని వేగంలో నేను పేపర్ మొత్తం ముగిస్తాను. ఇంకొకటి, ఇది తప్పు చదివినా ఎప్పుడూ ఒకేలా తప్పు చదువుతుంది. చెవి ఆ తప్పును నేర్చేసుకుంటుంది, తర్వాత అది తప్పని గుర్తు కూడా రాదు.

ఇక పైపర్. రాస్‌బెరీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు మీద కూడా నడవాలని మైకేల్ హాన్సెన్ రాసిన న్యూరల్ టీటీఎస్ ఇది, అంటే మనుషుల రికార్డింగుల నుంచి మాట నేర్చుకునే రకం (ఆ నేర్పడాన్నే శిక్షణ అంటారు, అలా నేర్చుకున్నదే మోడల్). తెలుగుకు మాయ, పద్మావతి, వెంకటేష్ అని మూడు గొంతులు పెట్టారు, ఒక్కో ఫైలు అరవై మెగాబైట్ల పైచిలుకు. ఎన్‌వీడీఏలో వాడుకోవడానికి సొనాటా అనే యాడ్-ఆన్ ఉంది. మా పిల్ల పద్మావతి గొంతు పెట్టి పాఠం ప్లే చేసింది. నిజం చెప్పొద్దూ, ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చున్నాను. నా ల్యాప్‌టాప్‌లో, నెట్ లేకుండా, ఎవరో ఆవిడ పక్కన కూర్చుని చదువుతున్నట్టు ఉంది.

తర్వాత నా చ వాక్యం పెట్టాను. ఈస్పీక్ ఎక్కడెక్కడ తడబడిందో ఈ తీయని గొంతు కూడా సరిగ్గా అక్కడే తడబడింది. విచిత్రంగా అనిపించి వాళ్ల వివరాలు చదివితే తేలిందేమిటంటే, పైపర్ తెలుగు అక్షరాలను నేరుగా చదవదట. ముందు ఈస్పీక్ ఎన్‌జీకి ఇచ్చి అక్షరాలను ధ్వనులుగా మార్పించుకుని, ఆ ధ్వనులను కొత్త గొంతుతో పలుకుతుంది. అంటే నేను పాత గొంతు వద్దని వెళ్లింది దాని తెలివి మీదే నడిచే ఇంకో గొంతు దగ్గరికి! లైసెన్స్ గొడవ కూడా ఇక్కడిదే. పైపర్ మొదట్లో ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చనే ఎంఐటీ లైసెన్స్‌తో ఉండేది, ఈస్పీక్ ఏమో దాన్ని కలుపుకుని పంచేవాళ్లు తమ కోడ్ కూడా తెరిచి పెట్టాలనే జీపీఎల్. 2025లో పాత ప్రాజెక్టును మూసి, కొత్త చోట జీపీఎల్ కింద కొనసాగిస్తున్నారు. నాలాగా ఇంట్లో వాడుకునేవాళ్లకు దీనితో పని లేదు, యాప్ చేసి అమ్మాలనుకునేవాళ్లు మాత్రం చూసుకోవాలి.

ఈస్పీక్‌లో తెలుగుకు రెండు మామూలు టెక్స్ట్ ఫైళ్లుంటాయి, ఒకటి నియమాలది, ఒకటి మినహాయింపు మాటలది. రెండో దాంట్లో చలి, చదువు, చాప, చుక్క అంటూ నేను మాటలు చేర్చి మళ్లీ కంపైల్ చేయించాను. ఈస్పీక్ గొంతులో బాగానే పలికింది. అదే పైపర్‌కు ఇస్తే నిలకడగా రాలేదు, ఆ గొంతుకు శిక్షణ ఇచ్చినప్పుడు ఎప్పుడూ వినని ధ్వనుల జంట మరి. దాన్ని బాగు చేయాలంటే సరిదిద్దిన నియమాలతో మళ్లీ మొదటి నుంచి శిక్షణ ఇవ్వాలి, అది నా ల్యాప్‌టాప్ పని కాదు.

పైపర్‌తో అసలు ఇబ్బంది చ కాదు, ఆలస్యం. ఇది వాక్యం మొత్తాన్ని తయారు చేసుకున్నాక గానీ నోరు తెరవదు. పుస్తకం చదివేటప్పుడు ఆ క్షణం కాలం పట్టించుకోం. వరసలు దిగేటప్పుడు, మెనూల్లో తిరిగేటప్పుడు ఆ ఆలస్యానికి పిచ్చెక్కుతుంది. టైప్ చేసేటప్పుడు ఇంకా ఘోరం. ఒక్క అక్షరాన్ని పలకమంటే ఇలాంటి మోడళ్లు తికమకపడతాయి, అవి నేర్చుకున్నదంతా పూర్తి వాక్యాలే కదా, ఒంటరి 'ణ' ఇస్తే ఏదో మూలుగు వస్తుంది. స్పీడ్ పెంచితే మాటల చివర్లు కరిగిపోతాయి, తెలుగులో అర్థమంతా మాట చివర్లోనే ఉంటుంది, వచ్చాడా వచ్చాడో తెలియకపోతే ఇంకెందుకు?

ఎంఎంఎస్ 2023లో మెటా విడుదల చేసింది, వెయ్యికి పైగా భాషలకు ఒక్కో మోడల్. అన్ని భాషల్లో దొరికే ఒకే రకం రికార్డింగులు బైబిల్ కొత్త నిబంధన చదివినవి కాబట్టి వాటితోనే శిక్షణ ఇచ్చారు. తెలుగు మోడల్ వింటే ఆ సంగతి తెలిసిపోతుంది, ఓరుగల్లు పతనం కూడా ప్రార్థనలా, నింపాదిగా చదువుతుంది. ఒక విషయంలో మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. ఇది ఈస్పీక్ మీద ఆధారపడదు, అక్షరాల నుంచి నేరుగా గొంతు నేర్చుకుంది, ఆ చదివిన మనిషి చలి, చదువు ఎలా పలికాడో అలాగే పలుకుతుంది. ఎవరూ నియమం రాయలేదు, వినీ వినీ వచ్చింది. అయితే ఒక ప్రమాదం ఉంది. దానికి తెలిసిన అక్షరాల పట్టికలో లేనిది ఏదైనా వస్తే చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. తెలుగు మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేరు ఉంటే అది మాయం, వాక్యం మాత్రం ఏమీ జరగనట్టు సాగిపోతుంది. చూసేవాళ్లకైతే పక్కన పేజీ ఉంటుంది, నాకు అక్కడ ఏదో పోయిందనే తెలియదు. తప్పు చదవడం కన్నా ఇది నాకు ఎక్కువ టెన్షన్. పైగా లైసెన్స్ వాణిజ్యేతర వాడకానికే, కాబట్టి దీన్ని ఓపెన్ సోర్స్ అనడం కూడా కొంచెం ఉదారంగా అన్నట్టే.

ఏఐ4భారత్ వాళ్ల దగ్గర ఒకటి కాదు, కొన్ని తరాల మోడళ్లున్నాయి. మొదటివి ఫాస్ట్‌పిచ్, హైఫై-గ్యాన్ అనే రెండు రకాల మోడళ్ల జంటతో పదమూడు భాషలకు చేసినవి. వీటి వెనక ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ హేమ మూర్తి నడిపించిన ఇండిక్ టీటీఎస్ ప్రాజెక్టులో స్టూడియోలో రికార్డు చేసిన ఆడ, మగ గొంతులున్నాయి. ఆ రికార్డింగుల నాణ్యత వినగానే తెలుస్తుంది. ళ, ల తేడా, ఒత్తులు, దీర్ఘాలు, అన్నీ తెలుగు మనిషి నోటివే. నేను విన్నవాటిలో ఉచ్చారణకు మొదటి మార్కు దీనికే. మామూలు మాటల్లో చ కూడా తడబడలేదు, అరుదైన మాట వచ్చినప్పుడే ఊహ తప్పింది.

దాన్ని ఇన్‌స్టాల్ చేయడం మాత్రం ఒక యజ్ఞం. ఇవి కోకీ టీటీఎస్ కోడ్ మీద నడుస్తాయి. కోకీ కంపెనీ 2024 జనవరిలో మూతపడింది, ఆ పాత కోడ్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 3.12కు ముందు వెర్షన్లతోనే నడుస్తుంది, స్విట్జర్లాండ్‌లోని ఇడియాప్ సంస్థ వాళ్లు ఒక కొత్త పాయ తీసి కొనసాగిస్తున్నారు. మా పిల్ల ఒక సాయంత్రమంతా పాత పైథాన్ వేరుగా పెట్టి, లైబ్రరీల వెర్షన్లు ఒకదానితో ఒకటి పడక, "అత్తా ఇది నీ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు" అని తేల్చేసింది. అదే నా బాధ కూడా. కమాండ్ లైన్ తెలిసిన చూపున్న మనిషి పక్కన ఉంటే తప్ప పనిచేయని గొంతు, ఎంత బాగున్నా అది నాది కాదు. ఎన్‌వీడీఏకు నేరుగా తగిలించే దారి మాకు దొరకలేదు, ఫైలు ఇస్తే ఆడియో ఫైలు చేసి ఇచ్చేలా పెట్టుకున్నాం.

కొత్తవి ఇండిక్ పార్లర్-టీటీఎస్, ఇండిక్ఎఫ్5. పార్లర్‌కు గొంతు ఎలా ఉండాలో ఇంగ్లీషులో వర్ణించి చెప్పాలి, నెమ్మదిగా, గది మోత లేకుండా, లలిత గొంతుతో అని. అచ్చం మనిషే. మా పిల్ల ఆన్‌లైన్‌లో అద్దె మెషీన్ మీద నడిపి వినిపించింది, నా ల్యాప్‌టాప్‌లో అయితే ఒక్క వాక్యానికి కాఫీ పెట్టుకుని రావచ్చు. పైగా అదే వాక్యాన్ని రెండోసారి ఇస్తే ఇంకోలా చదువుతుంది. కథల ఆడియో చేసేవాళ్లకు అది అందమేమో, నాలాగా ఒకేలా వినబడితే చాలనుకునేవాళ్లకు చిరాకు. ఇండిక్ఎఫ్5 అయితే ఎవరి గొంతు ముక్క ఇస్తే ఆ గొంతుతో చదువుతుంది. పిల్ల సరదాకి తన గొంతే ఇచ్చింది. నా బ్యాంకు బ్యాలెన్స్ మా అన్నయ్య కూతురి గొంతులో వినాల్సి రావడం నాకేం నచ్చలేదు, తీసేయమన్నాను. ఎవరి గొంతైనా వాళ్లను అడక్కుండా ఇలా వాడటం తప్పని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటా.

ఇన్ని గొంతులు విన్నాక ఒకటి తేలిపోయింది. నా పేపర్ వాక్యాన్ని ఒక్కటి కూడా తెలుగు మనిషి చదివినట్టు చదవలేదు. గొంతు తీపి ఎంతున్నా అందరూ అదే గోతిలో పడ్డారు. 15న అంటే పదిహేనున అనాలి, వీటికి పదిహేను వేరు, న వేరు. 21 మంది అంటే ఇరవై ఒక్క మంది, ఇరవై ఒకటి మంది కాదు. 10.30ని దశాంశంలా చదవడం, గం. దగ్గర చుక్క చూసి వాక్యం అయిపోయిందని ఊపిరి తీసుకోవడం, క్రీ.శ. అంటే క్రీ, ఆగి, శ. ఇక నా చరిత్ర పాఠానికి పెద్ద శత్రువు సంవత్సరాలు. 1947ని మనం పందొమ్మిది వందల నలభై ఏడు అంటాం, యంత్రం వెయ్యి తొమ్మిది వందల నలభై ఏడు అంటుంది. రూపాయలైతే అదే సరైనది, సంవత్సరానికి ఎవరూ అలా అనరు. ఒక గంట పాఠంలో ఇది ముప్ఫై నలభై సార్లు వస్తే రాజులూ యుద్ధాలూ పోయి బుర్రలో వెయ్యిలే మిగులుతాయి.

దీనికి గొంతు మార్చి లాభం లేదు, గొంతు దాకా వెళ్లకముందే రాతను సరిచేయాలి. ఎన్‌వీడీఏలోనే స్పీచ్ డిక్షనరీ అని ఉంటుంది, ఫలానాది కనిపిస్తే ఫలానాగా పలుకు అని రాసిపెట్టుకోవచ్చు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే ఒక నమూనాకు సరిపోయేవన్నీ ఒకేసారి పట్టుకునే సూత్రాలు, కూడా ఒప్పుకుంటుంది. కి.మీ., గం., క్రీ.శ., డా. లాంటివి ముందు పెట్టాను. తర్వాత పదకొండు నుంచి పంతొమ్మిది మధ్య ఏ రెండంకెలతోనైనా మొదలయ్యే నాలుగంకెల సంఖ్య వెనక లో, నాటికి, నుంచి ఉంటే వందల లెక్కన చదివేలా పెట్టాను. ముందు రూ. ఉంటే ముట్టుకోవద్దని ఇంకో నియమం. తేదీ వెనక న వస్తే 1 నుంచి 31 దాకా ఒక్కొక్కటీ విడిగా రాసుకోవడమే, ఒకటిన, రెండున, మూడున అంటూ, చాకిరీ పనే. ఇది పెట్టాక ఈస్పీక్ గొంతే ఉన్నా పేపర్ చదవడం ఎంత హాయిగా ఉందో మా పిల్లకు అర్థం కాలేదు, "గొంతు అదే కదా అత్తా" అంటుంది.

రాత సరిగ్గా లేకపోతే ఏ గొంతూ ఏమీ చేయలేదు, దానికి పెద్ద ఉదాహరణ మన తెలుగు పీడీఎఫ్‌లు. డీటీపీలో అను ఫాంట్లతో చేసినవి కంటికి తెలుగు, లోపల ఉండేది మాత్రం ఏవో గుర్తులు. ఈస్పీకైనా పార్లరైనా చదివేది ఆ పిచ్చి గుర్తులనే. అలాంటివి నేను బొమ్మగా మార్చి టెసరాక్ట్‌తో ఓసీఆర్ చేసుకుంటున్నాను, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టించి మళ్లీ రాతగా మార్చుకుంటున్నాను, అది కూడా ఓపెన్ సోర్సే, తెలుగు వచ్చు. పాత అచ్చు పుస్తకాల్లో ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి, అయినా ఏమీ లేనిదానికంటే నయం.

ప్రస్తుతం నా ఏర్పాటు ఇది. పగలంతా, పని మొత్తం, టైపింగ్, పేపర్, మెయిల్, ఈస్పీక్ ఎన్‌జీ, నా డిక్షనరీతో. కాస్త పెద్ద వ్యాసం గానీ పుస్తకం గానీ తీరిగ్గా వినాలంటే పైపర్, మామూలు మనుషులు మాట్లాడే వేగంలో. పిల్లలకు ఆడియో పాఠాలుగా ఇవ్వాలనుకున్నవి మాత్రం నా నియమాలతో రాతను ముందే సరిచేసి, ఏఐ4భారత్ పాత మోడల్‌తో రాత్రిపూట ఫైళ్లుగా చేయించుకుంటున్నాను, దానికి ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేదు. ఫోన్‌లో షెర్పా-ఓఎన్‌ఎన్‌ఎక్స్ అనే ప్రాజెక్టు వాళ్లు పైపర్ గొంతులను ఆండ్రాయిడ్ టీటీఎస్ ఇంజన్‌గా వాడుకునేలా ఇస్తున్నారు, అది పెట్టాను గానీ ఫోన్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌కు కాదు, పుస్తకాల యాప్‌కు మాత్రమే. టాక్‌బ్యాక్‌కు ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ ఎఫ్-డ్రాయిడ్ నుంచి దించుకున్న ఈస్పీకే.

మా మేనకోడలు ఇప్పుడు నా డిక్షనరీ నియమాలను పైథాన్‌లో విడిగా రాస్తోంది, ఏ గొంతుకైనా ముందు తగిలించుకునేలా. 21 మందికి ఇరవై ఒక్క వచ్చింది, 101 మందికి నూట ఒక్క కూడా వచ్చింది, 1 కిలోకు ఒకటి కిలో అనకుండా చూడటం దగ్గర ఆగింది. చ, జ మాటల జాబితా నేను చెబుతున్నాను, తను ఎక్కిస్తోంది. జొన్న దగ్గర ఇద్దరికీ వాదన లేదు, మరికొన్ని మాటల దగ్గర వాళ్లమ్మ వైపువాళ్లు ఒకలా, మేం ఒకలా పలుకుతాం, అవి పక్కన పెట్టాం.